గ్లియల్ ఫిబ్రిల్లరీ ఆసిడిక్ ప్రోటీన్

గ్లియల్ ఫిబ్రిల్లరీ ఆసిడిక్ ప్రోటీన్ (సంక్షిప్తంగా జీఎఫ్ఏపీ) మెదడు, వెన్నుపాములలోని ఆస్ట్రోసైట్లు అనే గ్లియా కణాలలో ఉండే ఒక ప్రోటీన్. కణానికి ఆకారాన్ని, బలాన్ని ఇచ్చే మధ్యస్థ తంతువులు దీనితో తయారవుతాయి. నాడీమండలంలోని ఇతర కణాల నుండి ఆస్ట్రోసైట్లను వేరుగా గుర్తించడానికి ఉపయోగపడుతుంది కాబట్టి దీనిని ఆస్ట్రోసైట్ల గుర్తింపు ప్రోటీన్ అంటారు. మెదడుకు దెబ్బ తగిలినప్పుడు, వ్యాధి సోకినప్పుడు ఆస్ట్రోసైట్లలో దీని పరిమాణం సాధారణంగా పెరుగుతుంది. దీని జన్యువులో లోపం ఏర్పడితే అలెగ్జాండర్ వ్యాధి అనే అరుదైన ప్రాణాంతక వ్యాధి వస్తుంది. ఈ ప్రోటీన్‌తోను, దానిని కలిగి ఉండే కణాలతోను దగ్గరి సంబంధం ఉన్న కొన్ని ముఖ్యమైన పరిశోధనలు హైదరాబాదులో జరిగాయి.

పేరు

ఈ పేరులోని ఒక్కొక్క పదానికి ఒక్కొక్క అర్థం ఉంది. గ్లియల్ అంటే గ్లియా కణాలకు చెందినది. ఫిబ్రిల్లరీ అంటే సన్నని పోగుల రూపంలో ఉండేది. ఆసిడిక్ అంటే ఆమ్ల స్వభావం కలది. ఈ ప్రోటీన్‌లో ఆమ్ల స్వభావం గల అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉండటం వలన ఈ విశేషణం వచ్చింది. తెలుగులో దీనిని గ్లియా తంతు ఆమ్ల ప్రోటీన్ అని చెప్పవచ్చు.

నేపథ్యం: గ్లియా కణాలు

నాడీమండలంలో నాడీకణాలు (న్యూరాన్లు), గ్లియా కణాలు అని రెండు ప్రధాన కణ వర్గాలు ఉన్నాయి. జర్మను వైద్య శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో 1856లో నాడీకణాల మధ్య ఉన్న పదార్థానికి గ్రీకు భాషలో జిగురు అనే అర్థం వచ్చేలా న్యూరోగ్లియా అని పేరు పెట్టాడు. నాడీకణాలను అతికించి ఉంచడమే దీని పని అని ఆనాడు భావించారు. ఈ అభిప్రాయం చాలా కాలం కొనసాగింది.

గ్లియా కణాలలో ఆస్ట్రోసైట్లు, ఆలిగోడెండ్రోసైట్లు, మైక్రోగ్లియా ముఖ్యమైనవి. ఆస్ట్రోసైట్ నక్షత్రంలాగా అన్ని వైపులకు కొమ్మలు చాచి ఉంటుంది. దాని కొమ్మలలో కొన్ని రక్తనాళాల గోడలను, కొన్ని నాడీకణాల సంధి స్థానాలను (సినాప్సులను) తాకుతూ ఉంటాయి. నాడీకణాలు విడుదల చేసిన గ్లూటమేట్‌ను తిరిగి పీల్చుకోవడం, పొటాషియం సమతుల్యతను కాపాడటం, అమ్మోనియాను గ్లూటమిన్‌గా మార్చడం ఆస్ట్రోసైట్లు చేసే పనులలో కొన్ని. జీఎఫ్ఏపీ ప్రధానంగా ఈ కణాలకు చెందినది.

చరిత్ర

మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే వ్యాధిలో మెదడు, వెన్నుపాములలోని శ్వేత పదార్థంలో గట్టిపడిన మచ్చలు ఏర్పడతాయి. ఈ మచ్చలలో నాడీ తంతువుల చుట్టూ ఉండే మైలిన్ తొడుగు పోయి, ఆ స్థలాన్ని ఆస్ట్రోసైట్ల దట్టమైన పోగులు ఆక్రమిస్తాయి. అమెరికా శాస్త్రవేత్త లారెన్స్ ఎంగ్, ఆయన సహచరులు ఇటువంటి పాత మచ్చల నుండి ఒక ప్రోటీన్‌ను వేరు చేశారు. ఆస్ట్రోసైట్లు గుమిగూడిన చోట ఈ ప్రోటీన్ అధికంగా ఉన్నట్లు వారు గమనించి, 1971లో దానిని పోగుల రూపపు ఆస్ట్రోసైట్లకు చెందిన ఆమ్ల ప్రోటీన్‌గా వర్ణించారు.

దీనిని శుద్ధి చేయడంతో దీనికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారు చేయడం సాధ్యమైంది. అంతకు ముందు ఆస్ట్రోసైట్లను చూడాలంటే బంగారు, వెండి లవణాలతో కణజాలానికి రంగు పట్టించే కష్టమైన పద్ధతులు వాడేవారు. ప్రతిరక్షకాలు వచ్చిన తరువాత ఆస్ట్రోసైట్లను గుర్తించడం సాధారణ ప్రయోగశాలలకు, ఆసుపత్రులకు కూడా అందుబాటులోకి వచ్చింది.

నిర్మాణం

మానవులలో జీఎఫ్ఏపీ జన్యువు 17వ క్రోమోజోము పొడుగు భుజంపై ఉంది. ఈ ప్రోటీన్ ప్రధాన రూపంలో 432 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీని అణుభారం సుమారు 50 కిలోడాల్టన్లు. ఒకే జన్యువు నుండి కొద్ది తేడాలతో మరికొన్ని రూపాలు కూడా తయారవుతాయి. ఎక్కువగా కనిపించేది ఆల్ఫా రూపం.

కణంలోని అస్థిపంజరంలో మూడు రకాల పోగులు ఉంటాయి. సుమారు 7 నానోమీటర్ల మందం గల ఆక్టిన్ పోగులు అన్నిటికంటే సన్ననివి. సుమారు 25 నానోమీటర్ల మందం గల సూక్ష్మనాళికలు అన్నిటికంటే లావైనవి. ఈ రెండిటికీ మధ్య సుమారు 10 నానోమీటర్ల మందంతో ఉండేవి మధ్యస్థ తంతువులు. జీఎఫ్ఏపీ మూడవ తరగతి మధ్యస్థ తంతు ప్రోటీన్. విమెంటిన్, కండరాలలో ఉండే డెస్మిన్, పెరిఫెరిన్ కూడా ఈ తరగతికి చెందినవే.

ప్రతి జీఎఫ్ఏపీ అణువులో తల, మధ్య కడ్డీ, తోక అని మూడు భాగాలు ఉంటాయి. పీచును పేని తాడు చేసినట్లు రెండు అణువుల కడ్డీలు ఒకదానితో ఒకటి మెలివేసుకొని జంటగా ఏర్పడతాయి. రెండు జంటలు ఎదురెదురు దిశలలో పక్కపక్కన చేరి నాలుగు అణువుల కట్ట అవుతుంది. ఇటువంటి ఎనిమిది కట్టలు కలిసి ఒక తంతు ముక్కగా, ఆ ముక్కలు కొసకు కొస కలిసి పొడవైన తంతువుగా మారతాయి. తల భాగానికి ఫాస్ఫేట్ చేరినప్పుడు తంతువు విడిపోతుంది. కణ విభజన సమయంలో ఈ ఏర్పాటు అవసరమవుతుంది.

విధులు

ఆస్ట్రోసైట్‌కు, దాని కొమ్మలకు యాంత్రిక బలాన్ని ఇవ్వడం జీఎఫ్ఏపీ ప్రధాన విధి. ఎదిగే దశలోని ఆస్ట్రోసైట్లలో విమెంటిన్ ఎక్కువగా ఉంటుంది. కణం పరిపక్వమయ్యే కొద్దీ దాని స్థానంలో జీఎఫ్ఏపీ పెరుగుతుంది.

1990వ దశకం మధ్యలో పలు పరిశోధక బృందాలు ఈ జన్యువును తొలగించిన ఎలుకలను తయారు చేశాయి. ఆ ఎలుకలు బతికి పెరిగాయి, సంతానాన్ని కూడా కన్నాయి. వాటిలో కనిపించిన లోపాలు సూక్ష్మమైనవి. దీనిని బట్టి ఈ ప్రోటీన్ లేకపోయినా ప్రాణి జీవించగలదని తేలింది. అయితే ఇదే ప్రోటీన్ మితిమీరినా, వికృతమైనా కణానికి హాని కలుగుతుందని ఆ తరువాతి ప్రయోగాలు చూపాయి.

గుర్తింపు ప్రోటీన్‌గా ఉపయోగం

కణజాలాన్ని పలుచని పొరలుగా కోసి, జీఎఫ్ఏపీకి మాత్రమే అంటుకునే ప్రతిరక్షకాన్ని దానిపై వేస్తారు. ఆ ప్రతిరక్షకానికి గోధుమ రంగునిచ్చే ఎంజైమునో, వెలుగునిచ్చే పదార్థాన్నో జతచేస్తారు. సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఆస్ట్రోసైట్లు నక్షత్రాకారంలో స్పష్టంగా కనిపిస్తాయి. ప్రయోగశాలలో పెంచిన కణాలు నిజంగా ఆస్ట్రోసైట్లేనా అని తేల్చడానికి కూడా సాధారణంగా ఈ పరీక్షనే చేస్తారు.

రోగనిర్ధారణలో ఇది మెదడు కణితులను గుర్తించడానికి తోడ్పడుతుంది. ఆస్ట్రోసైటోమా, గ్లయోబ్లాస్టోమా, ఎపెండిమోమా వంటి గ్లియా సంబంధిత కణితులు చాలా వరకు ఈ పరీక్షలో రంగు చూపుతాయి. ఊపిరితిత్తులు, రొమ్ము వంటి ఇతర అవయవాల నుండి మెదడుకు వ్యాపించిన క్యాన్సర్లు సాధారణంగా రంగు చూపవు. రెండు సందర్భాలలో చికిత్స వేరు కాబట్టి ఈ తేడా రోగికి ఎంతో ముఖ్యమైనది.

ఈ పరీక్షకు కొన్ని పరిమితులు ఉన్నాయి.

* ఆరోగ్యంగా ఉన్న మెదడులో ప్రతి ఆస్ట్రోసైట్ రంగు చూపదు. మెదడు వల్కలంలోని బూడిద రంగు పదార్థంలో ఉన్న చాలా ఆస్ట్రోసైట్లలో జీఎఫ్ఏపీ గుర్తించలేనంత తక్కువగా ఉంటుంది. రంగు కనిపించలేదంటే అక్కడ ఆస్ట్రోసైట్ లేదని అర్థం కాదు.
* రంగు ప్రధాన కొమ్మలకు మాత్రమే పడుతుంది. ఎలుక మెదడులోని హిప్పోకాంపస్‌పై 2002లో వెలువడిన అధ్యయనం ప్రకారం, జీఎఫ్ఏపీ రంగు ద్వారా కనిపించేది ఆస్ట్రోసైట్ ఘనపరిమాణంలో సుమారు 15 శాతం మాత్రమే.
* ఇది ఆస్ట్రోసైట్లకే పరిమితం కాదు. కంటి నేత్రపటలంలోని ముల్లర్ కణాలు, పేగులలోని గ్లియా కణాలు, మైలిన్ తొడుగు చుట్టని ష్వాన్ కణాలు, కాలేయంలోని నక్షత్రాకార కణాలు, మెదడులోని కొన్ని మూలకణాలు కూడా దీనిని కలిగి ఉంటాయి.

ఈ కారణంగా గ్లూటమిన్ సింథటేజ్, ఎస్100బీ, ఆక్వాపోరిన్-4 వంటి ఇతర గుర్తింపు ప్రోటీన్లను కూడా దీనితో కలిపి పరిశీలిస్తారు.

వ్యాధులతో సంబంధం

అలెగ్జాండర్ వ్యాధి

న్యూజిలాండుకు చెందిన వైద్యుడు విలియం స్టూవర్ట్ అలెగ్జాండర్ 1949లో తల పెద్దదై మరణించిన 15 నెలల శిశువు మెదడును వర్ణించాడు. దాని ఆస్ట్రోసైట్లలో రోసెంథాల్ పోగులు అనే ముద్దలు నిండి ఉన్నాయి. 1898లో ఇటువంటి ముద్దలను వర్ణించిన వెర్నర్ రోసెంథాల్ పేరు మీద వాటికి ఆ పేరు వచ్చింది. పసితనంలో ఈ వ్యాధి వస్తే తల పెరగడం, మూర్ఛలు, ఎదుగుదల ఆగిపోవడం కనిపిస్తాయి. పెద్ద వయసులో వస్తే మింగడం, మాట్లాడటం, నడవడం కష్టమవుతాయి.

అర్ధ శతాబ్దం పాటు దీని కారణం తెలియలేదు. 1998లో ఆల్బీ మెస్సింగ్, మైకేల్ బ్రెన్నర్ బృందం మానవ జీఎఫ్ఏపీని అధికంగా తయారు చేసే ఎలుకలను రూపొందించినప్పుడు వాటి ఆస్ట్రోసైట్లలో రోసెంథాల్ పోగులే ఏర్పడ్డాయి. ఆ ప్రోటీన్ అత్యధికంగా ఉన్న ఎలుకలు త్వరగా మరణించాయి. ఈ ఆధారంతో రోగుల జన్యువులను పరిశీలించగా, వ్యాధికి కారణం జీఎఫ్ఏపీ జన్యువులోని ఉత్పరివర్తనాలేనని 2001లో నిర్ధారణ అయింది. జన్యువు రెండు ప్రతులలో ఒకటి మారినా వ్యాధి రావడానికి చాలు. పసిపిల్లలలో చాలా కేసులలో ఈ మార్పు తల్లిదండ్రులలో ఉండదు, కొత్తగా ఏర్పడుతుంది. అంతవరకు గుర్తుగా మాత్రమే భావించిన ప్రోటీన్ ఒక వ్యాధికి మూలకారణమని దీనితో తెలిసింది.

తలకు గాయాలు

మెదడు దెబ్బతిన్నప్పుడు ఆస్ట్రోసైట్లు లావెక్కి, జీఎఫ్ఏపీని అధికంగా తయారు చేసి, గాయం చుట్టూ మచ్చ కడతాయి. పగిలిన కణాల నుండి ఈ ప్రోటీన్ రక్తంలోకి కూడా చేరుతుంది. దీని ఆధారంగా జీఎఫ్ఏపీని, నాడీకణాలకు చెందిన యూసీహెచ్-ఎల్1 అనే మరొక ప్రోటీన్‌ను కలిపి కొలిచే రక్తపరీక్షను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతించింది. తలకు స్వల్ప గాయమైన పెద్దలకు సీటీ స్కాన్ అవసరమా కాదా అని నిర్ణయించడంలో ఈ పరీక్ష వైద్యులకు సహాయపడుతుంది. రోగి పక్కనే సిరల రక్తంతో చేయగల పరీక్షకు 2024లో అనుమతి లభించింది.

కాలేయ వైఫల్యం

కాలేయం చెడిపోయినప్పుడు రక్తంలో అమ్మోనియా పెరిగి మెదడుకు చేరుతుంది. దానిని గ్లూటమిన్‌గా మార్చే గ్లూటమిన్ సింథటేజ్ ఎంజైము మెదడులో ప్రధానంగా ఆస్ట్రోసైట్లలో ఉంటుందని 1979లో చూపారు. గ్లూటమిన్ పేరుకుపోవడం ఆస్ట్రోసైట్లు ఉబ్బడానికి ఒక కారణం. రోగికి మగత, అయోమయం, చివరకు అపస్మారక స్థితి కలగవచ్చు. గాయంలో పెరిగే జీఎఫ్ఏపీ ఇక్కడ దానికి విరుద్ధంగా తగ్గుతుంది. పెంపకంలోని ఆస్ట్రోసైట్లకు అమ్మోనియా ఇచ్చినప్పుడు కూడా ఈ ప్రోటీన్ తగ్గుతుందని 1990లో మైకేల్ నోరెన్‌బర్గ్ బృందం తెలిపింది.

ఇతర వ్యాధులు

మధుమేహం వల్ల నేత్రపటలం దెబ్బతిన్నప్పుడు ముల్లర్ కణాలలో జీఎఫ్ఏపీ పెరుగుతుంది. శరీరం ఈ ప్రోటీన్‌కు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారు చేసుకునే ఒక మెదడువాపు వ్యాధిని 2016లో వర్ణించారు. చాలా మంది రోగులలో అది స్టెరాయిడ్ మందులకు లొంగుతుంది.

హైదరాబాదులో పరిశోధనలు

హైదరాబాదు విశ్వవిద్యాలయం

1974లో స్థాపించబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రాంగణం నగరానికి పడమట గచ్చిబౌలిలో ఉంది. ఇక్కడి జీవశాస్త్రాల విభాగంలో సీహెచ్.ఆర్.కె.మూర్తి బృందం 1980వ దశకం నుండి మెదడుపై అమ్మోనియా ప్రభావాన్ని పరిశోధించింది. రక్తంలో అమ్మోనియా పెరిగిన ఎలుకల మెదడులో శక్తి ఉత్పత్తికి, గ్లూటమేట్ జీవక్రియకు సంబంధించిన ఎంజైములు ఎలా మారతాయో ఈ బృందం కొలిచింది. మూర్తి కెనడాకు చెందిన లీఫ్ హెర్ట్జ్‌తో కలిసి, వేరువేరుగా పెంచిన ఆస్ట్రోసైట్లపైన, నాడీకణాలపైన అమ్మోనియా ప్రభావాన్ని పోల్చిన పరిశోధనలు 1987, 1988లలో ప్రచురితమయ్యాయి. కాలేయ రోగుల మెదడులో ఏ కణానికి ఏమి జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఈ పోలిక అవసరం.

తార్నాక ప్రాంతం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి తూర్పున ఉన్న తార్నాక, దాని పక్కనున్న హబ్సీగూడ ప్రాంతాలలో పలు జాతీయ పరిశోధన సంస్థలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పూర్వం ప్రాంతీయ పరిశోధనాలయంగా ఉండేది. 1977లో అందులో భాగంగా మొదలైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) తరువాత ఉప్పల్ రహదారిపై సొంత భవనాలకు మారింది. దీని వ్యవస్థాపక సంచాలకుడు పుష్ప మిత్ర భార్గవ.

సీసీఎంబీ పరిశోధనలకు, జీఎఫ్ఏపీకి మధ్య సంబంధం ఆల్ఫా-బీ క్రిస్టలిన్ అనే ప్రోటీన్ ద్వారా ఏర్పడింది. క్రిస్టలిన్లు కంటి కటకంలో ఉండే ప్రోటీన్లు. అవి ముద్దకడితే కంటికి శుక్లం వస్తుంది. అయితే ఆల్ఫా-బీ క్రిస్టలిన్ కంటిలోనే కాక ఇతర కణజాలాలలోనూ ఉందని, అలెగ్జాండర్ వ్యాధి సోకిన మెదడులో పేరుకుపోతుందని 1989లో తెలిసింది. రోసెంథాల్ పోగులలో జీఎఫ్ఏపీతో పాటు ఉండేది ఇదే. ఇతర ప్రోటీన్లు ముద్దకట్టకుండా కాపాడే సహాయక ప్రోటీన్‌గా (చాపరోన్‌గా) ఆల్ఫా క్రిస్టలిన్ పనిచేస్తుందని 1992లో అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ చూపాడు. ఇది జీఎఫ్ఏపీ, విమెంటిన్ తంతువుల కూర్పును కూడా ప్రభావితం చేస్తుందని 1994లో బ్రిటన్ పరిశోధకులు నికోల్, క్విన్లన్ నిరూపించారు.

అదే 1994లో సీసీఎంబీలో బి.రామన్, చింతలగిరి మోహనరావు ఆల్ఫా క్రిస్టలిన్ రక్షణ శక్తికి, ఉష్ణోగ్రతకు ఉన్న సంబంధాన్ని వివరించారు. సుమారు 30 డిగ్రీల సెల్సియస్‌కు పైన దాని నిర్మాణం మారి, నీటిని వికర్షించే ఉపరితలాలు బయటపడి, రక్షణ శక్తి పెరుగుతుందని వారు తెలిపారు. దెబ్బతిన్న ప్రోటీన్‌లోని నీటిని వికర్షించే భాగాలకు ఈ ఉపరితలాలు అంటుకొని, అవి ఒకదానితో ఒకటి ముద్దకట్టకుండా అడ్డుకుంటాయి.

1998లో ఫ్రాన్సు పరిశోధకులు ఆల్ఫా-బీ క్రిస్టలిన్‌లో 120వ స్థానంలోని ఆర్జినిన్ బదులు గ్లైసిన్ చేరిన ఒక కుటుంబాన్ని కనుగొన్నారు. ఆ కుటుంబంలోని రోగుల కండరాలలో డెస్మిన్ ముద్దకట్టింది. 1999లో సీసీఎంబీలో ఎల్.వి.శివకుమార్, టి.రామకృష్ణ, మోహనరావు ఈ మార్పు చెందిన ప్రోటీన్‌ను పరిశీలించి, దాని నిర్మాణం దెబ్బతిన్నదని, రక్షణ శక్తి పోయిందని చూపారు. డెస్మిన్, జీఎఫ్ఏపీ ఒకే తరగతికి చెందిన తంతు ప్రోటీన్లు కాబట్టి, సహాయక ప్రోటీన్ విఫలమైతే తంతువులకు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఈ ఫలితం తోడ్పడింది. మోహనరావుకు 1999లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి లభించింది. తరువాత ఆయన సీసీఎంబీ సంచాలకుడిగా కూడా పనిచేశారు.

అదే ప్రాంతంలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుండి ప్రస్తుత పేరుతో ఉంది. మధుమేహం ఉన్న ఎలుకల నేత్రపటలంలో ఆల్ఫా-బీ క్రిస్టలిన్ వంటి చిన్న ఉష్ణాఘాత ప్రోటీన్ల స్పందనపై ఈ సంస్థకు చెందిన జి.భానుప్రకాశ్ రెడ్డి బృందం అధ్యయనం 2013లో ప్రచురితమైంది. ముల్లర్ కణాలలో జీఎఫ్ఏపీ పెరిగే కణజాలం కూడా ఇదే.

చికిత్స ప్రయత్నాలు

ఆల్ఫా-బీ క్రిస్టలిన్ పరిమాణాన్ని పెంచితే అలెగ్జాండర్ వ్యాధి నమూనా ఎలుకలు ప్రాణాంతకమైన మూర్ఛల నుండి బయటపడ్డాయని 2009లో మెస్సింగ్ బృందం తెలిపింది. రోసెంథాల్ పోగులలో ఈ ప్రోటీన్ ఉండటం వ్యాధికి కారణం కాదని, కణం చేసుకునే ఆత్మరక్షణ ప్రయత్నమని దీనిని బట్టి భావిస్తున్నారు.

మరొక మార్గం జీఎఫ్ఏపీ తయారీనే తగ్గించడం. జన్యువు నుండి వచ్చే సందేశాన్ని (ఆర్‌ఎన్‌ఏను) అడ్డుకునే చిన్న కేంద్రకామ్ల ముక్కలను వెన్నుపాము ద్రవంలోకి ఎక్కిస్తారు. 2021లో ప్రచురితమైన ప్రయోగంలో ఈ చికిత్స వల్ల ఎలుకలలో రోసెంథాల్ పోగులు తగ్గి, కదలికలు మెరుగుపడ్డాయి. ఈ విధానంలో తయారైన జిల్గనెర్సెన్ అనే ఔషధాన్ని రోగులపై పరీక్షించగా, 50 మిల్లీగ్రాముల మోతాదు పొందినవారిలో నడక వేగం స్థిరంగా నిలిచిందని తయారీదారులు 2025లో ప్రకటించారు. జీఎఫ్ఏపీ జన్యువు లేని ఎలుకలు బతకగలవని 1990వ దశకంలో తెలియడం ఈ చికిత్సా విధానానికి ఒక ముఖ్యమైన ఆధారం.

ఇవి కూడా చూడండి

* నాడీకణం
* మెదడు
* మల్టిపుల్ స్క్లీరోసిస్
* కణ, అణు జీవశాస్త్ర కేంద్రం
* జాతీయ పోషకాహార సంస్థ
* హైదరాబాదు విశ్వవిద్యాలయం
* తార్నాక